అన్నదొక కాలం, తమ్ముడిదొక కాలం: స్విస్ ఫార్వర్డ్ మాక్స్ అబెగ్లెన్ (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనకున్నవాళ్ళకు వినిపిస్తోంది కదా? వినిపించకపోతే చెయ్యి ఊపండి, గొంతు పెంచుతాను.

ఇవాళ మనం మాట్లాడుకునేది ఒక స్విస్ ఫార్వర్డ్ గురించి. పేరు మాక్స్ అబెగ్లెన్. ఈ పేరు ఇంతకు ముందు విన్నవాళ్ళు చేతులెత్తండి. సరే, ఇద్దరు ముగ్గురున్నారు. పర్లేదు, పెలే తెలుసు, మరడోనా తెలుసు, మెస్సీ గురించి అయితే మీరే నాకు చెప్తారు, కానీ 1922 నుంచి 1937 దాకా ఆడిన ఒక స్విస్ మనిషి పేరు తెలియకపోవడంలో వింతేమీ లేదు. ముందు ఒక్క లెక్క చెప్తాను, దాంతో మీకు ఆయన ఎవరో కొంత అర్థమవుతుంది.

స్విట్జర్లాండ్ జాతీయ జట్టుకు ఆయన 68 మ్యాచ్‌లు ఆడాడు, 34 గోల్స్ కొట్టాడు. 1937లో జాతీయ జట్టు నుంచి తప్పుకున్నాడు. ఆ 34ను అందుకోవడానికే వాళ్ళకు 2001 దాకా పట్టింది. కుబిలాయ్ తుర్కిల్మాజ్ అని చాలా మంచి స్ట్రైకర్, సరిగ్గా 34 దాకా వచ్చి అక్కడ ఆగిపోయాడు. దాటినవాడు అలెక్స్ ఫ్రై, అది 2008లో. అంటే 71 ఏళ్ళ పాటు ఆ దేశంలో ఆయనకంటే ఎక్కువ గోల్స్ కొట్టిన మనిషి లేడు. ఫ్రై ఆట మానేసే నాటికి 84 మ్యాచ్‌ల్లో 42 గోల్స్ అయ్యాయి. ఇప్పుడు మనసులో చిన్న భాగహారం చెయ్యండి. 68లో 34. 84లో 42. రెండూ ఒకటే! రెండు మ్యాచ్‌లకు ఒక గోల్. మధ్యలో ఒక ప్రపంచ యుద్ధం, టీవీ, స్పాన్సర్లు, స్పోర్ట్స్ మెడిసిన్, ఇవన్నీ వచ్చాయి, లెక్క మాత్రం మారలేదు. నాకు ఇది మొదటిసారి కనబడినప్పుడు కాగితం మీద మళ్ళీ వేసి చూసుకున్నాను.

అయితే నేను ఇవాళ చెప్పాలనుకున్నది రికార్డు సంగతి కాదు. ఆటగాడి ప్రతిభ ఎంతైనా, ఆ ప్రతిభకు ఏ వేదిక దొరుకుతుంది, ఎంత డబ్బు దొరుకుతుంది, ఎవరు చూస్తారు అనేది చాలావరకు అతను పుట్టిన సంవత్సరమే తేల్చేస్తుంది. దీనికి నాకు తెలిసినంతలో అబెగ్లెన్ ఇంటికంటే మంచి ఉదాహరణ లేదు. ఎందుకంటే ఆ ఇంట్లో ఇద్దరున్నారు. మాక్స్ 1902లో జెనీవాలో పుట్టాడు. ఆండ్రే 1909లో పుట్టాడు. ఇద్దరూ ఫార్వర్డ్‌లే, ఇద్దరూ దేశం తరఫున ఆడారు, మధ్యలో ఏడేళ్ళ తేడా. జాన్ అని ఇంకో సోదరుడు కూడా ఫుట్‌బాలరే. అందుకే ఆ రోజుల్లో జట్టు జాబితాల్లో మాక్స్‌ను అబెగ్లెన్ రెండు అనీ, ఆండ్రేను అబెగ్లెన్ మూడు అనీ వేసేవారు. జనం మాత్రం మాక్స్‌ను క్సామ్ అనేవారు, ఆండ్రేను ట్రెల్లో అనేవారు. నేను కూడా అన్నను మాక్స్ అనీ, తమ్ముణ్ణి ట్రెల్లో అనీ అంటాను, లేకపోతే మీరూ నేనూ కూడా తికమకపడతాం.

మాక్స్ పెరిగింది న్యూషాతెల్‌లో. స్విట్జర్లాండ్ పడమటి వైపు, ఫ్రెంచి మాట్లాడే ప్రాంతం, పెద్ద సరస్సు ఒడ్డున ఉన్న ఊరు. అక్కడ కొంతమంది పిల్లలు కలిసి ఒక క్లబ్ పెట్టుకున్నారు, వాళ్ళలో మాక్స్ ఒకడు, ఆ క్లబ్‌కు అతని పేరే కలిపి క్సామాక్స్ అని పెట్టారు. ఇప్పటికీ ఆ క్లబ్ ఉంది, దాని సంగతి చివర్లో చెప్తాను. మాక్స్ పెద్ద స్థాయి ఆట మాత్రం అదే ఊళ్ళోని కాంటోనల్ క్లబ్‌కు, తర్వాత లొసాన్‌కు, ఆ తర్వాత జ్యూరిక్‌లోని గ్రాస్‌హాపర్‌కు ఆడాడు. అసలు కెరీర్ అంతా గ్రాస్‌హాపర్‌దే అనుకోండి.

జాతీయ జట్టులో మొదటి మ్యాచ్ 1922 నవంబర్ 19న, బెర్న్‌లో, హాలండ్ మీద. స్విట్జర్లాండ్ 5-0తో గెలిచింది. కుర్రాడికి 20 ఏళ్ళు, మొదటి మ్యాచ్, హ్యాట్రిక్!

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. అప్పటి గోల్ అంటే ఏమిటో తెలియకుండా ఆయన గోల్స్ లెక్కపెట్టుకుంటే ఉపయోగం లేదు. ఇక్కడ ఆడినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? మీకు ఆఫ్‌సైడ్ తెలుసు. పాస్ ఇచ్చే క్షణానికి ఫార్వర్డ్‌కూ గోల్ లైన్‌కూ మధ్య అవతలి జట్టువాళ్ళు కనీసం ఇద్దరుండాలి, మామూలుగా గోల్‌కీపర్, ఒక డిఫెండర్. కానీ 1925 వరకు రూల్ అది కాదు. ముగ్గురుండాలి! అంటే గోల్‌కీపర్ కాక ఇంకో ఇద్దరు. దాంతో అవతలి జట్టు ఏం చేసేదంటే, ఇద్దరు బ్యాక్‌లలో, అంటే డిఫెండర్లలో, ఒకణ్ణి బాగా ముందుకు పంపేసేది, ఒకణ్ణి వెనక వదిలేది, ముందుకెళ్ళినవాడు ఎక్కడుంటే అక్కడే ఫార్వర్డ్‌లందరికీ గీత పడినట్టు. మైదానం మధ్యలోనే విజిల్ ఊదేవారు. గోల్స్ తగ్గిపోతున్నాయని, ఆట ఆగిపోతోందని 1925లో ముగ్గుర్ని ఇద్దరు చేశారు. మాక్స్ ఆడిన మొదటి మూడేళ్ళు, 1924 ఒలింపిక్స్‌తో సహా, పాత రూల్ కిందే ఆడాడు. ఆ రూల్ కింద గోల్ కొట్టాలంటే వేగం ఒక్కటే చాలదు, ఎప్పుడు కదలాలో తెలియాలి, పాస్ ఇచ్చేవాడి కాలు చూడాలి, ఆ ముందుకొచ్చిన బ్యాక్‌ను కూడా చూడాలి.

ఇంకోటి. అప్పటి జట్లు వెనక ఇద్దరు బ్యాక్‌లు, వాళ్ళ ముందు ముగ్గురు హాఫ్ బ్యాక్‌లు, అందరికంటే ముందు ఐదుగురు ఫార్వర్డ్‌లు, ఈ పద్ధతిలో నిలబడేవి. ఐదుగురు ముందు అంటే మనకు ఇప్పుడు ఆశ్చర్యంగా ఉంటుంది. వాళ్ళలో మధ్యలో ఒకడు సెంటర్ ఫార్వర్డ్, రెండు చివర్లా ఇద్దరు వింగర్లు, మధ్యవాడికీ వింగర్లకూ నడుమ ఇద్దరు ఇన్‌సైడ్ ఫార్వర్డ్‌లు. మాక్స్ ఆడింది ఎక్కువగా ఈ ఇన్‌సైడ్ స్థానంలో. అంటే ఆయన గోల్ ముందు నిలబడి బంతి కోసం ఎదురుచూసే మనిషి కాదు. వెనక్కి వచ్చి బంతి తీసుకోవాలి, ఇద్దర్ని తప్పించుకుని సెంటర్‌వాడికి అందించాలి, మళ్ళీ తనే ముందుకురికి గోల్ కొట్టాలి. ఈ పని చేస్తూ రెండు మ్యాచ్‌లకొక గోల్. బంతి తోలుది, పైన తాడుతో కుట్టి ఉండేది, వాన పడితే నీళ్ళు పీల్చి బరువెక్కిపోయేది. దెబ్బ తగిలితే ఇంకొకణ్ణి దింపడానికి సబ్‌స్టిట్యూట్‌లు లేరు. ఇవన్నీ మనసులో పెట్టుకుని 1924కు రండి.

1924 పారిస్ ఒలింపిక్స్. అప్పటికి ఫుట్‌బాల్ ప్రపంచ కప్ పుట్టలేదు, అది 1930లో మొదలైంది. కాబట్టి ప్రపంచంలో అన్ని దేశాలూ వచ్చే పోటీ అంటే ఒలింపిక్సే. అన్ని దేశాలూ అన్నాను గానీ పూర్తిగా అలా కూడా కాదు, ఇంగ్లండ్ రాలేదు, జర్మనీని పిలవలేదు, ఆస్ట్రియా ఆడలేదు. అయినా 22 జట్లు వచ్చాయి. స్విట్జర్లాండ్ మీద ఎవరికీ పెద్ద ఆశల్లేవు. స్విస్ ఫెడరేషన్‌కే లేవు! ఎలా చెప్తున్నానంటే, వాళ్ళు జట్టుకు కొన్న గ్రూప్ రైలు టికెట్ పది రోజులకే చెల్లుతుంది. పది రోజులు. అంటే ఒకటి రెండు మ్యాచ్‌లు ఆడి ఓడిపోయి వచ్చేస్తారులే అని లెక్క.

మే 25న లిథువేనియాతో మొదటి మ్యాచ్. 9-0. పాల్ స్టుర్జెనెగ్గర్ నాలుగు కొట్టాడు, మాక్స్ మూడు. సరే, లిథువేనియా కొత్త జట్టు, ఇది లెక్కలోకి రాదు అనుకుందాం. తర్వాత వచ్చింది చెకోస్లొవేకియా, గట్టి జట్టు. మే 28న 1-1. అప్పట్లో పెనాల్టీ షూటౌట్ లేదు, డ్రా అయితే ఇంకో రోజు మళ్ళీ ఆడటమే. రెండు రోజులకే, మే 30న, మళ్ళీ ఆడారు. చివరి నిమిషాల దాకా 0-0, అప్పుడు రోబెర్ పాష్ ఒక్క గోల్ కొట్టి గెలిపించాడు. రెండు మ్యాచ్‌ల మధ్య ఒక్క రోజే విశ్రాంతి. జూన్ 2న క్వార్టర్స్, ఇటలీతో. ఆ ఇటలీ జట్టు బాధ్యత విట్టోరియో పోజ్జోది, పదేళ్ళ తర్వాత ఇటలీకి ప్రపంచ కప్ తెచ్చిపెట్టిన మనిషి. స్టుర్జెనెగ్గర్ ఒకటి కొట్టాడు, ఇటలీ సమం చేసింది, 60వ నిమిషంలో మాక్స్ కొట్టాడు. 2-1.

ఇప్పుడు చెప్పండి, టికెట్ ఏమైంది? పది రోజులు అయిపోయాయి. సెమీఫైనల్ జూన్ 5న. చేతిలో టికెట్ లేదు, హోటల్ ఖర్చుకు డబ్బు లేదు, జట్టేమో ఒలింపిక్స్ సెమీస్‌లో ఉంది. అప్పుడు జ్యూరిక్‌లోని 'స్పోర్ట్' అనే పత్రిక చందాలు ఇవ్వమని పాఠకులను అడిగింది. జనం ఇచ్చారు. ఆ చందాల డబ్బుతో జట్టు పారిస్‌లో నిలబడింది. ఈ సంగతి విని చాలామంది నవ్వుతారు, కానీ నాకు నవ్వు రాదు. వీళ్ళెవరూ జీతం తీసుకుని ఆడేవాళ్ళు కారు. అమెచ్యూర్లు. ఉద్యోగాలకు, చదువులకు సెలవు పెట్టి వచ్చినవాళ్ళు. ప్రతి అదనపు రోజూ ఎవరో ఒకరు జేబులోంచి తీయాల్సిందే. అభిమానం అంటే స్టేడియంలో అరవడమే కాదు, చూడని మ్యాచ్ కోసం, రేడియోలో కూడా వినలేని మ్యాచ్ కోసం, పేపర్లో చదివి డబ్బు పంపినవాళ్ళది కూడా అభిమానమే. ఇంకా చెప్పాలంటే వాళ్ళదే పెద్దది.

సెమీస్ స్వీడన్‌తో. 2-1. రెండు గోల్సూ మాక్స్‌వే, 15వ నిమిషంలో ఒకటి, 77వ నిమిషంలో ఒకటి.

ఫైనల్ జూన్ 9న కొలొంబ్ స్టేడియంలో, ఉరుగ్వేతో. 40,000కు పైగా జనం. ఉరుగ్వే గురించి ఐరోపాకు అంతకుముందు ఏమీ తెలియదు, ఓడలో వచ్చారు, వచ్చి యుగొస్లావియాను 7-0తో, ఫ్రాన్స్‌ను 5-1తో కొట్టారు. నసాజ్జి, ఆండ్రాదే, స్కరోనె, పెట్రోనె, సెయా, ఒక్కొక్కడి మీద ఒక్కొక్క ప్రసంగం చెయ్యొచ్చు. స్విట్జర్లాండ్ 0-3తో ఓడిపోయింది. ఓడినందుకు సిగ్గుపడాల్సిన పనేమీ లేదు, అదే జట్టు 1928 ఒలింపిక్స్ కూడా గెలిచింది, 1930లో మొదటి ప్రపంచ కప్ కూడా గెలిచింది. స్విస్ వాళ్ళకు వెండి పతకం. ఫైనల్‌కు వచ్చిన ఒకే ఒక్క ఐరోపా జట్టు కాబట్టి వాళ్ళను ఐరోపా ఛాంపియన్లు అని కూడా పిలిచారు. ఫుట్‌బాల్‌లో స్విట్జర్లాండ్‌కు వచ్చిన ఒలింపిక్ పతకం నేటికీ అదొక్కటే. ఆ టోర్నమెంట్‌లో మాక్స్ కొట్టిన గోల్స్ ఆరు. గట్టి జట్ల మీద, ఒక్క గోల్ తేడాతో నెగ్గిన మ్యాచ్‌ల్లో, మూడు.

వయసెంతో గుర్తుందా? 22. ఇప్పటి రోజుల్లో 22 ఏళ్ళ కుర్రాడు ఒలింపిక్స్‌లో ఆరు గోల్స్ కొడితే మర్నాడు ఉదయానికి ఐదు దేశాల క్లబ్‌లు ఏజెంటుకు ఫోన్ చేస్తాయి. మాక్స్ రైలెక్కి జ్యూరిక్ వెళ్ళాడు, గ్రాస్‌హాపర్‌కు ఆడుకున్నాడు. అంతే. ఫ్రాన్స్‌లో అప్పటికి ప్రొఫెషనల్ లీగ్ లేదు. స్విట్జర్లాండ్‌లో దేశమంతటికీ ఒకే లీగ్ కూడా లేదు, తూర్పు, మధ్య, పడమర అని గ్రూపులుగా ఆడి, గెలిచిన వాళ్ళు చివర్లో ఆడుకునేవారు. 1933లో గానీ ఒకే జాతీయ లీగ్ రాలేదు, అప్పటికి మాక్స్ 31కి వచ్చేశాడు.

గ్రాస్‌హాపర్‌లో ఆయన రోజుల గురించి ఎక్కువ చెప్పను గానీ ఒక్క మనిషిని తలుచుకోకుండా వెళ్ళలేను. 1925లో ఆ క్లబ్‌కు కోచ్‌గా డోరి క్యుర్ష్నర్ వచ్చాడు. హంగరీ యూదుడు, బుడాపెస్ట్‌లో ఎమ్‌టీకే క్లబ్‌లో ఆడినవాడు, పొట్టి పాస్‌ల ఆట అంటే ప్రాణం. ఆయన హయాంలో గ్రాస్‌హాపర్ 1927, 1928, 1931 లీగ్‌లు గెలిచింది, 1926లో మొట్టమొదటి స్విస్ కప్ కూడా వాళ్ళదే. వెనక్కి వచ్చి బంతి అందుకుని ఆట నడిపే ఇన్‌సైడ్ ఫార్వర్డ్‌కు ఇంతకంటే సరైన కోచ్ దొరకడు. ఈ క్యుర్ష్నరే తర్వాత 1937లో బ్రెజిల్ వెళ్ళి ఫ్లమెంగో క్లబ్‌లో కొత్త పద్ధతులు నేర్పాడు, అక్కడే 1941లో చనిపోయాడు. బ్రెజిల్ ఫుట్‌బాల్ చరిత్ర రాసేవాళ్ళు ఆయన పేరు వదలరు. జ్యూరిక్ మైదానంలో మాక్స్‌తో చేయించిన కసరత్తు అట్లాంటిక్ దాటి రియో దాకా వెళ్ళింది అనుకుంటే నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

ఇప్పుడు 1930. మొదటి ప్రపంచ కప్, ఉరుగ్వేలో. మాక్స్‌కు 28, ఫార్వర్డ్‌కు నిండు వయసు. స్విట్జర్లాండ్ వెళ్ళలేదు. ఐరోపా నుంచి వెళ్ళినవే నాలుగు, ఫ్రాన్స్, బెల్జియం, యుగొస్లావియా, రొమేనియా. వెళ్ళాలంటే ఓడలో రెండు వారాలకు పైగా, రావాలంటే అంతే, అక్కడ ఇంకో మూడు వారాలు. అమెచ్యూర్లకు రెండు నెలల సెలవు ఎవరిస్తారు? 1934లో ఇటలీలో ప్రపంచ కప్ జరిగినప్పుడు స్విట్జర్లాండ్ ఆడింది, రెండు మ్యాచ్‌లు ఆడింది, రెంటిలోనూ మాక్స్ లేడు. 32 ఏళ్ళు. అంటే 71 ఏళ్ళ రికార్డు పెట్టిన మనిషి ప్రపంచ కప్‌లో ఒక్క నిమిషం కూడా ఆడలేదు.

ఎవరైనా అనొచ్చు, మరి ఆ 34 గోల్స్ చిన్నచిన్న జట్ల మీద కొట్టి ఉంటాడు కదా అని. ఇది న్యాయమైన ప్రశ్నే. దీనికి జవాబు ఉంది. 1927లో మధ్య ఐరోపా దేశాలు ఒక కప్ మొదలుపెట్టాయి. ఇటలీ, ఆస్ట్రియా, హంగరీ, చెకోస్లొవేకియా, స్విట్జర్లాండ్. ఆ కాలంలో ఖండంలో అందరికంటే బలమైన నాలుగు జట్లు, వాటి మధ్య స్విట్జర్లాండ్. ప్రతిసారీ చివరి స్థానం వీళ్ళదే. 1931 నవంబర్‌లో బాసెల్‌లో ఆస్ట్రియా వీళ్ళను 8-1తో కొట్టింది, ఆ ఆస్ట్రియాను అద్భుత జట్టు అని ఊరికే అనలేదు. అంటే మాక్స్ కెరీర్‌లో సగం పైగా, ఎప్పుడూ ఓడిపోయే జట్టులో, ఎప్పుడూ తనకంటే బలమైనవాళ్ళ ఎదురుగా గడిచింది. ఈ రోజుల్లో పెద్ద జట్లకు చిన్న దేశాలతో క్వాలిఫయింగ్ మ్యాచ్‌లు దొరుకుతాయి, ఒక సాయంత్రం నాలుగు గోల్స్ కొట్టేసుకోవచ్చు. ఆయనకు లిథువేనియా లాంటి రోజులు తక్కువ. అందుకే ఆ 34 నాకు చాలా పెద్దగా కనిపిస్తుంది, ఫ్రై 42ను తక్కువ చేసి చెప్పడం కాదు సుమా.

ఇక తమ్ముడు. ట్రెల్లో. అన్న దారిలోనే జ్యూరిక్ వచ్చాడు, కొన్నేళ్ళు ఇద్దరూ గ్రాస్‌హాపర్‌లో కలిసి ఆడారు. 1934 ప్రపంచ కప్‌లో మిలాన్‌లో హాలండ్ మీద 3-2తో గెలిచిన మ్యాచ్‌లో ఒక గోల్ ట్రెల్లోది, మిగతా రెండూ లియోపోల్డ్ కీల్‌హోల్జ్‌వి. కీల్‌హోల్జ్ కళ్ళజోడు పెట్టుకుని ఆడేవాడు, ఇది నిజం, ఫోటోలున్నాయి చూడండి. తర్వాత ట్యూరిన్‌లో చెకోస్లొవేకియా చేతిలో 3-2తో ఓడిపోయారు.

అదే ఏడాది ట్రెల్లో ఫ్రాన్స్ వెళ్ళిపోయాడు. ఎందుకు వెళ్ళగలిగాడు? 1932లో ఫ్రాన్స్‌లో ప్రొఫెషనల్ లీగ్ మొదలైంది కాబట్టి. 1928లో ప్యూజో కార్ల కంపెనీ తన ఫ్యాక్టరీ ఊరు సోషోలో ఒక క్లబ్ పెట్టింది కాబట్టి. మాక్స్‌కు 25 ఏళ్ళున్నప్పుడు ఈ రెండూ లేవు, ట్రెల్లోకు 25 ఏళ్ళు వచ్చేసరికి రెండూ ఉన్నాయి. ఇదే నేను మొదట్లో చెప్పింది. ఆ మొదటి సీజన్‌లోనే, 1934-35లో, ట్రెల్లో 30 గోల్స్ కొట్టి ఫ్రెంచి లీగ్ టాప్ స్కోరర్ అయ్యాడు, సోషో ఛాంపియన్ అయింది. తర్వాతి సీజన్ మొదట్లోనే, 1935 ఆగస్టు 25న, వాలెన్సియెన్ మీద సోషో 12-1తో గెలిచింది. ఆ పన్నెండులో ఎన్ని ట్రెల్లోవో ఊహించండి. ఎవరో నాలుగు అన్నారు. ఇంకా పెంచండి. ఏడు! ఒక్క మ్యాచ్‌లో ఏడు. 1937లో ఫ్రెంచి కప్, 1938లో మళ్ళీ లీగ్. ఈ ఇద్దరిలో ఎవరు గొప్ప అని నన్ను అడగకండి. ఒకరికి వెండి పతకం, ఇంకొకరికి ఫ్రెంచి లీగ్. తారుమారుగా పుట్టి ఉంటే ఇవి కూడా తారుమారయ్యేవి అని నా నమ్మకం.

1938 ప్రపంచ కప్ గురించి చెప్పకపోతే ఈ కథ సగమే. ఫ్రాన్స్‌లో జరిగింది. అంతకు మూడు నెలల ముందు, మార్చిలో, హిట్లర్ ఆస్ట్రియాను కలిపేసుకున్నాడు. ప్రపంచ కప్‌కు అర్హత సాధించిన ఆస్ట్రియా జట్టు మాయమైపోయింది, దాని ఆటగాళ్ళలో కొందరిని జర్మనీ తన జట్టులో చేర్చుకుంది. కాగితం మీద చూస్తే రెండు గొప్ప జట్లు కలిస్తే ఇంకా గొప్ప జట్టు కావాలి. కానీ వియన్నావాళ్ళ ఆట వేరు, జర్మన్ల ఆట వేరు, కొన్ని వారాల్లో కలపడానికి అదేమైనా పాలూ నీళ్ళా?

ఆ జట్టుకు మొదటి రౌండ్లో ఎదురైంది స్విట్జర్లాండ్. స్విస్ కోచ్ కార్ల్ రపాన్. ఆయన పుట్టింది వియన్నాలో. ఆయన ఒక పద్ధతి కనిపెట్టాడు, వెర్రూ అంటారు, తలుపు గడియ అన్నమాట. ఇద్దరు హాఫ్ బ్యాక్‌లను వెనక్కి దించి వింగర్లను పట్టుకోమంటాడు, వాళ్ళందరి వెనకా ఒకణ్ణి ఖాళీగా ఉంచుతాడు, ముందువాళ్ళను దాటుకుని వచ్చినవాణ్ణి ఆ చివరివాడు అడ్డుకుంటాడు. జీతాలిచ్చి రోజంతా కసరత్తు చేయించే జట్లతో, శారీరకంగా వాళ్ళంత గట్టివాళ్ళు కాని ఆటగాళ్ళతో ఎలా నిలబడాలి అన్నదే ఆయన ఆలోచన. బంతి దొరకగానే ముందున్న కొద్దిమందే ఏదో చెయ్యాలి. ఆ కొద్దిమందిలో ట్రెల్లో ఒకడు.

జూన్ 4, పారిస్, పార్క్ దే ప్రాన్స్. ఆటకు ముందు జర్మన్లు నాజీ వందనం చేశారు, జనం గోలగోలగా అరిచారు. జర్మనీ ముందు గోల్ కొట్టింది, మొదటి సగం ముగిసేలోపు ట్రెల్లో సమం చేశాడు. ఎక్స్‌ట్రా టైమ్ కూడా అయింది, 1-1. ఐదు రోజుల తర్వాత, జూన్ 9న, అదే మైదానంలో మళ్ళీ. ఈసారి జర్మనీ 2-0 ఆధిక్యంలోకి వెళ్ళింది, అందులో ఒకటి స్విస్ ఆటగాడి సొంత గోల్. వింగర్ ఏబీకి దెబ్బ తగిలి కొంతసేపు బయటే ఉండాల్సి వచ్చింది. ఇంక అయిపోయింది అనుకునే దశ. విరామానికి కాస్త ముందు వాలాషెక్ ఒకటి కొట్టాడు. 64వ నిమిషంలో బికెల్, 2-2. 75వ నిమిషంలో ట్రెల్లో. 78వ నిమిషంలో మళ్ళీ ట్రెల్లో. 4-2!

ఆ రాత్రి స్విట్జర్లాండ్‌లో జనం వీధుల్లోకి వచ్చేశారు. వాళ్ళకు అది ఆట ఒక్కటే కాదు. పక్కనున్న ఆస్ట్రియాను మూడు నెలల క్రితం మింగేసిన దేశం అది, రేపు మన వంతు కాదని నమ్మకం ఏమిటి అని భయపడుతున్న చిన్న దేశం ఇది. మూడు రోజుల తర్వాత లీల్‌లో హంగరీ చేతిలో 0-2తో ఓడిపోయారు, రెండు కఠినమైన మ్యాచ్‌లు ఆడిన కాళ్ళు, ఏబీ లాంటివాళ్ళ దెబ్బలు, అది అనుకున్నదే. ఆ ఓటమి ఎవరికీ గుర్తు లేదు. 4-2 అందరికీ గుర్తుంది.

మాక్స్ చివరి అంతర్జాతీయ మ్యాచ్ ఆడింది 1937లో అని చెప్పాను కదా. ఒక్క ఏడాది తేడా. 15 ఏళ్ళు ఆడిన మనిషి, తన దేశపు ఫుట్‌బాల్‌లో అందరూ చెప్పుకునే ఆ మ్యాచ్‌కు ఒక్క ఏడాది ముందు తప్పుకున్నాడు. 36 ఏళ్ళ వయసులో ఆ మ్యాచ్‌కు తీసుకునేవారని నేను అనడం లేదు. కానీ ఒలింపిక్స్ పతకం నాటికి ప్రపంచ కప్ లేదు, ప్రపంచ కప్ వచ్చేనాటికి వయసు లేదు, డబ్బు వచ్చేనాటికి కెరీర్ లేదు.

ట్రెల్లో 1944లో చనిపోయాడు. 35 ఏళ్ళు. అన్నకు దొరకనివన్నీ దొరికిన తమ్ముడికి ఆయుష్షు దొరకలేదు. మాక్స్ 1970 ఆగస్టు 25న జెర్మాట్‌లో చనిపోయాడు, 68 ఏళ్ళు.

క్సామాక్స్ సంగతి చెప్తానన్నాను. 1970లోనే ఆ క్లబ్, ఆయన ఆడిన కాంటోనల్, రెండూ కలిసిపోయి న్యూషాతెల్ క్సామాక్స్ అయ్యాయి. ఆ క్లబ్ 1987లోనూ 1988లోనూ స్విస్ లీగ్ గెలిచింది. 1991లో ఐరోపా క్లబ్‌ల పోటీ అయిన యుయెఫా కప్‌లో స్కాట్లండ్ వాళ్ళ సెల్టిక్‌ను 5-1తో కొట్టింది, అందులో నాలుగు ఈజిప్టు స్ట్రైకర్ హొసామ్ హసన్‌వి. 2012 జనవరిలో క్లబ్ దివాలా తీసింది, సీజన్ మధ్యలో లీగ్ నుంచి తీసేశారు. అక్కడివాళ్ళు వదిలిపెట్టలేదు, 1912 అని పుట్టిన సంవత్సరం పేరు పక్కన పెట్టుకుని కింది డివిజన్లలో మొదలుపెట్టి 2018లో మళ్ళీ మొదటి డివిజన్‌కు ఎక్కారు.

చాలామంది స్ట్రైకర్ల పేరు స్టేడియంలో స్టాండుకు పెడతారు, వీధికి పెడతారు, అది కూడా చనిపోయాక. చిన్నప్పుడు పెట్టుకున్న క్లబ్ పేరులో తన పేరుండి, ఆ క్లబ్ ఐరోపా పోటీల దాకా వెళ్ళిన మనిషి నాకు ఇంకొకరు కనిపించలేదు. మీకెవరైనా తెలిస్తే చెప్పండి, నిజంగా తెలుసుకోవాలని ఉంది.

సరే, ముగ్గురుండాలన్న ఆ పాత ఆఫ్‌సైడ్ రూల్ సంగతి ఇంకోసారి చెప్పమని ఇందాకటి నుంచి ముందు వరసలో ఒకాయన సైగ చేస్తున్నారు. బోర్డు మీద గీసి చూపిస్తాను. ఆ లోపు ప్రశ్నలున్నవాళ్ళు మైకు తీసుకోండి.